తెల్లగా పడిన చీర

శనివారం వచ్చిందంటే హిందూపురంలో మా పేట అంతా గంజి వాసన వేసేది. ప్రతి ఇంటి ముందూ తాడుమీద ఒక తెల్లచీర, నీలిమందు నీళ్ళలో ముంచి తీసినది, ఆరుతూ ఉండేది. ఆదివారం ఆరాధనకు మా ఆడవాళ్ళు తెల్లచీర తప్ప మరొకటి కట్టేవాళ్ళు కాదు. ఒంటిమీద తెల్లచీర, నుదుట బొట్టు లేకపోవడం, ఈ రెండూ మా సంఘపు గుర్తులని మేము అనుకునేవాళ్ళం. మిగతా ఊరు మమ్మల్ని వేరే గుర్తులతో ఆనవాలు పడుతుందని, అవి మేము పెట్టుకున్నవి కావని, అప్పట్లో నాకు ఆలోచన రాలేదు.

మా నాయన ఉపదేశి. అయ్యగారిలాగా బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు జరిపించే అధికారం ఆయనకు లేదు. సైకిలు మీద ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేవాడు. అగళి, అమరాపురం వైపు వెళితే కన్నడంలో చెప్పేవాడు. నేను అక్షరాలు దిద్దింది పలక మీద అయినా చదవడం నేర్చుకున్నది వాక్యం మీదే. పొద్దున లేవగానే ఒక అధ్యాయం, పడుకోబోయే ముందు ఒక అధ్యాయం. ఈ రోజుకూ నాకు అదే అన్నం.

తెల్లచీర కనిపిస్తే "వందనాలమ్మా" అనాలని మాకు నేర్పారు. చాలా చిన్నప్పుడు పెద్ద బజారులో ఒక కోమట్ల ముసలామె తెల్లచీరతో, బోసి నుదురుతో ఎదురైంది. మా ఆమే అనుకుని చేతులు జోడించి వందనాలు చెప్పాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, "ఏందిరా అబ్బీ, యా పేట పిల్లోడివి నువ్వు?" అంది. మా అమ్మ నన్ను పక్కకు లాగేసింది. "ఆయమ్మ మనామె కాదురా, మొగుడు పోయినామె" అని చెవిలో చెప్పింది. ఆ కథ చెప్పుకుని మా పేట ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వారు. నేను పెద్దవాడినై మిషన్ బడిలో అయ్యవారుగా చేరిన తర్వాత కూడా, "కోమట్లామెకు వందనాలు చెప్పినోడు వస్తాండాడు" అనేవాళ్ళు.

అంత నవ్వినవాళ్ళం, అదే పొరపాటు సంఘమంతా కలిసి చేస్తామని ఎవరం అనుకోలేదు.

నేను బడిలో చేరిన కొత్తల్లో నా భార్య అన్న మిలిటరీ నుంచి వస్తూ ఒక డబ్బా కెమేరా తెచ్చాడు. రెండు రీళ్ళు తీసి విసుగుపుట్టి నాకు ఇచ్చేశాడు. నల్లటి పెట్టె, ముందు ఒక కన్ను, పైన పోస్టు బిళ్ళంత అద్దం. పెట్టెను పొట్టకు ఆనించుకుని, తల వంచి ఆ అద్దంలోకి చూడాలి. తల వంచి చూడడం నాకు నచ్చింది. ప్రార్థనలో ఉన్నట్టే ఉండేది.

మొదటి రీలు మా ఊరి మండీలో తీశాను. ఎండుమిరప కాయలు కుప్పలు పోసి, ఊరంతటికీ మంటపెట్టినట్టు ఉండేది ఆ చోటు. ఆ ఎరుపును పట్టుకొద్దామని పోయాను. స్టూడియో సాయిబు రీలు కడిగి, కాగితాల మీదికి దింపి, నా ముందు పరిచి, గడ్డం గోక్కున్నాడు.

"ఏమప్పా అయ్యవారూ, మిరపకాయలు తీసినావా, పేడకుప్పలు తీసినావా?"

నిజంగా అలాగే ఉంది. ఎరుపు పోయి తడిమట్టి రంగు కుప్పలు మిగిలాయి. బెల్లం దిమ్మెలూ, వాటి కింద పరిచిన గోనెలూ ఒకటైపోయాయి. కాని ఆ కుప్పల వెనక నేను ఎప్పుడూ చూడనివి తేటగా వచ్చాయి. మూట మోసేవాడి మెడ మీద నరం. చింతపండు గింజలు కొట్టే ఆడవాళ్ళ బొటనవేళ్ళ గోళ్ళు, సగం సగం అరిగిపోయినవి. వాళ్ళలో ఒకామె మా సంఘంలో ఆదివారం మా అమ్మ పక్కన కూర్చుని పాడే మనిషి. ఆమె గోళ్ళు ఎలా ఉంటాయో ఫొటో చూసేదాకా నాకు తెలియదు.

ఇంకొకటి బజారు వీధి. కరెంటు స్తంభాలు వరసగా వచ్చి, మా పేటకు తిరిగే మలుపు దగ్గర ఆగిపోయాయి. ఆ దారిన నేను పుట్టినప్పటి నుంచీ నడుస్తున్నాను. స్తంభాలు ఎక్కడ ఆగాయో కాగితం మీద, రంగులేమీ లేకుండా చూసినప్పుడు గాని కనిపించలేదు. ఫొటో చేతిలో పట్టుకుని ఆ మలుపు దగ్గరే నిలబడి చూసుకున్నాను. ఊరంతా నాకు తెలుసని పాఠాలు చెప్పేవాడినని సిగ్గేసింది. అప్పటి నుంచి జీతం రాగానే ఒక రీలు కొనడం, ఆదివారం మధ్యాహ్నాలు ఊరి మీద పడడం. నా భార్య ఆ పెట్టెను "నీ రెండో సంసారం" అనేది.

ఆ ఎండాకాలం మా సంఘం వార్షికోత్సవం. అయ్యగారు పై ఊళ్ళో సభలకు వెళ్ళడంతో ఏర్పాట్లన్నీ సంఘ పెద్దే చూస్తున్నాడు. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి దిగిన మనిషి, గొంతు పెద్దది, మనసూ మంచిదే. ఆయన నన్ను పిలిచి, "నాయనా, చర్చి గోడకు ఒక బల్ల కట్టిస్తా. మన సంఘాలు చుట్టుపక్కల ఊళ్ళకు ఎట్ల వెలుగు చూపిస్తాండాయో పోటోలు తీసుకోని రా. పెనుకొండ పో, ధర్మవరం పో. జనాలు సూసి సంతోషపడల్ల" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? ప్రభువు నా చేతికి ఆ డబ్బా ఇచ్చింది ఇందుకే అనుకున్నాను.

ఒక గురువారం ప్యాసింజరు ఎక్కి ధర్మవరం బయలుదేరాను. పెనుకొండ స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. కొండ మీది కోటగోడలు ఎండకు పొగలు కక్కుతున్నట్టున్నాయి. బండిలో జనం దాహం దాహం అంటున్నారు. ప్లాట్‌ఫారం మీద ఒక స్త్రీ చంకలో ఇత్తడి బిందె, చేతిలో చెంబుతో కిటికీ కిటికీకీ వస్తోంది. మా పెట్టెలోంచి ఒక ముసలాయన తూలుతూ దిగి, ఆమె ముందు వంగి దోసిలి పట్టాడు. నేను కెమేరాను కిటికీ అంచున పెట్టి తల వంచాను. ఎండ ఆ చిన్న అద్దంలో పడి కళ్ళు చెదిరాయి. ఒక ఆకారం, ఒక మెరుపు, అంతే. మీట నొక్కాను. తల ఎత్తేసరికి ఆమె పక్క పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను నేను నా కళ్ళతో చూడనే లేదు. డబ్బాలోంచి చూశాను.

ధర్మవరంలో, తిరుగు ప్రయాణంలో పెనుకొండలో, మావాళ్ళను కూర్చోబెట్టి, నిలబెట్టి చాలా తీశాను. అందరూ ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, బిర్రుగా పడ్డారు. ఒక్క ప్లాట్‌ఫారం ఫొటో మాత్రం ప్రాణంతో వచ్చింది. తెల్లటి చీర కొంగు నడుముకు చుట్టుకున్న మనిషి. చెంబు బాగా పైన, తలకంటే ఎత్తున. అక్కడి నుంచి నీళ్ళు సన్నటి వెండి తీగలాగా దిగి ముసలాయన దోసిట్లో పడుతున్నాయి. ఆమె నుదురు బోసిగా ఉంది. చేతులకు గాజులున్నాయో లేదో నీళ్ళ మెరుపులో తెలియడం లేదు.

సాయిబు ఆ తీగ మీద వేలు పెట్టి, "ఇదీ పోటో అంటే! ఈ నీల్లు ఇంత పొడుగు దిగకపోతే ఇంత సొగసు లేదప్పా" అన్నాడు. ఇంకొక ప్రతి తీసి తన స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెట్టుకుంటానన్నాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

చర్చి గోడకు కట్టిన బల్ల మధ్యలో ఆ ఫొటో పెట్టి, కింద నా చేత్తో పొంకంగా రాశాను: "పెనుకొండ సంఘ సహోదరి దప్పిగొన్నవారికి నీళ్ళిచ్చుచున్నది." ఎవరినీ అడగలేదు. తెల్లచీర, బొట్టు లేని నుదురు, మంచిపని. ఈ మూడూ కలిస్తే మా మనిషి కాక ఇంకెవరు?

ఉత్సవం రోజు సంఘ పెద్ద ఆ ఫొటో చూపించి చాలాసేపు మాట్లాడాడు. "ఈ ఎండలో నీల్లు పోస్తాండేది ఎవురు? మన బిడ్డ! ఈ పొద్దు రాయలసీమ ఎవురి చేతి నీల్లు తాగుతాంది? మన చేతి నీల్లు!" జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. నా గుండె పొంగింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు బల్ల చుట్టూ మూగారు.

"ఈ పాప మా పెనుకొండ చిన్నమ్మ కోడలే. ఆ నిలబడే తీరు సూడు."

"నీ చిన్నమ్మ కోడలు పొట్టిది గదే!"

"పోటోల్లో పొడుగు పడతారు లే."

"అట్లయితే నన్నూ తియ్యమను, ఆ పొద్దన్నా మా ఆయన భుజానికి వస్తా."

ఇంకొకామె, ఆ అమ్మాయి తనతో కన్వెన్షన్‌లో పక్కపక్కనే పడుకుందని, నిద్రలో గురక కూడా పెడుతుందని సాక్ష్యం ఇచ్చింది. మా అమ్మ మాత్రం బల్ల ముందు కొంచెంసేపు నిలబడి, ఏమీ అనకుండా ఇంటికి నడిచింది.

కొన్ని వారాలకు, మధ్యాహ్నం బడి వదిలే వేళ, భుజాన చీరల మూట వేసుకున్న ఒక యువకుడు బడి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"స్టూడియో అద్దాల పెట్టెలో పోటో తీసింది నువ్వేనంట గదప్పా?"

"నేనే" అన్నాను. మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను.

"ఆయమ్మ ఎవురో ఎరుకనా నీకు?"

"పెనుకొండ సంఘంలో మా సహోదరి."

అతను మూట కిందికి దించాడు. "మీ సహోదరా? ఆయమ్మ మా యక్క. నా తోడబుట్టింది. మాది ధర్మవరం, మగ్గాలోల్లం. మా బావ మంచంలో ఉండాడు గానీ బతికే ఉండాడప్పా! బతికున్న మొగుడి పెండ్లానికి తెల్లచీర కట్టించినావే! బొట్టు తుడిసినావే!"

"నేను ఏమీ తుడవలేదు. అది ఫిలిం..."

"పిలిమో గిలిమో, ఆడ పెట్టింది నువ్వు గదా?"

తర్వాత కొంచెం చల్లబడి చెప్పాడు. వాళ్ళ బావకు రొమ్ము జబ్బు, ఆగని దగ్గు. మగ్గంలో కూర్చోలేక చాలాకాలంగా మంచం పట్టాడు. అక్క పెనుకొండ దర్గాలో మొక్కుకుంది. ప్రతి బేస్తవారం వచ్చి దర్గాలో దండం పెట్టుకుని, ఎండలు పోయేదాకా రైలు జనానికి నీళ్ళు పోస్తానని. మొక్కుబడి కోసం పాత నూలుచీరను పసుపు నీళ్ళలో ముంచి కట్టుకునేది. ఇప్పుడు ధర్మవరం వాళ్ళెవరో హిందూపురం వచ్చి ఆ అద్దాల పెట్టె చూసి, పోయి ఆమె అత్తకు చెప్పారు.

"నీ కోడలు ముందే ముండమోసి పోటో దిగింది, నీ కొడుకు ఎప్పుడు పోతాడా అని సూస్తాండాది, అని చెప్పినారు. ఆ పొద్దు నుంచి ఆ ముసల్ది మా యక్క చేతి కూడు తినదు. కొడుక్కు పెట్టనీదు. మొగుని మంచం కాడికి పోనీదు. మా యక్క గడపలో కూసోనుండాదప్పా, బయటిదాని మాదిరి."

పసుపు అంత ఎండలో ఫిలిం మీద తెలుపు అయిపోయింది. కుంకుమ ఎరుపు ఆమె చామనచాయలో కలిసిపోయింది, మండీలో మిరపకాయలు మట్టిలో కలిసినట్టే. మొదటి రీలు నుంచీ నాకు తెలిసిన సంగతే ఇది. మేము ఆమెను సంఘంలో కలుపుకున్నాం, వాళ్ళ ఊరివాళ్ళు విధవను చేశారు. రెండింటికీ ఒకటే ఫొటో సాక్ష్యం.

ఆ సాయంత్రమే సాయిబు దగ్గరికి పోయి ఫొటో తీయించేశాను. సంగతి విని ఆయన "అల్లా" అని చెంపలు వేసుకున్నాడు. పెళ్ళి ఫొటోలకు రంగులద్దే చిన్న సీసాలు, ఒక సన్నటి కుంచె కాగితంలో చుట్టి ఇచ్చాడు. "పసుపు పోతే పసుపు పుయ్యి. బాగైతే బాగవుతాది" అన్నాడు.

సంఘ పెద్ద అంత తేలిగ్గా వినలేదు. "ఇప్పుడు లేసి, ఆయమ్మ మనామె కాదు, దర్గాకు మొక్కుకున్న మగ్గాలోల్ల పిల్ల అంటే ఏమవుతాది? ఊరు నవ్వుతాది. నేనేమో అంత సేపు చెప్తిని. ఆ బల్ల అట్లే ఉండనీ. మంచిపనికి పేరెందుకు?"

"పేరు మనం రాశాము కదయ్యా. నేనే రాశాను."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాకూ ఆ ఫొటో గోడకు ఉంటేనే బాగుండేది.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు నాయనా."

"ఎట్ల తెలుసు? ఆమె నీకు పరిచయమా?"

"పరిచయమెందుకు? మన చేతి నీల్లు ఆ రైల్లో ఎవురు తాగుతారు?"

చిన్నప్పుడు మా వీధికి ఊరి బావిలో చేద వేసే వీలు లేదు. మా అమ్మ కుండ పట్టుకుని గట్టు కింద కాచుకునేది. ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోస్తే తెచ్చుకునేది. నేను ఆమె కొంగు పట్టుకుని అక్కడే ఉండేవాడిని. అవన్నీ తెలిసి ఆ వాక్యం రాశాను. ఆ సంఘంలో కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసే స్తోత్రం అన్నాం.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందరూ అంత సంతోషంగా ఉండ్రి" అంది. "మన చేతి నీల్లు తాగుతాండారని. ఎట్ల చెప్పేది?"

నా భార్య లోపలి నుంచి అంది: "ఇప్పుడు ఆయమ్మ మనది కాదంటే ఆ నీల్లేమన్నా ఉప్పగా అయినాయా? పో, పొయ్యి చెప్పు."

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. మా సంఘంలో సాక్ష్యం చెప్పడం అలవాటే. జబ్బు పోయిందని, కొడుక్కు ఉద్యోగం వచ్చిందని చెప్తారు. అన్ని సాక్ష్యాల చివరా మేలు జరుగుతుంది. నేను చెప్పినదాంట్లో అలాంటి చివర లేదు. ఆ స్త్రీ మన సహోదరి కాదు, ఆమె ధర్మవరం మగ్గాలవాళ్ళ ఇల్లాలు, రాత నాది, తప్పు నాది అని చెప్పి, బల్ల దగ్గరికి పోయి మేకు ఊడదీసి ఫొటో తీసుకున్నాను. గురక సాక్ష్యం చెప్పిన ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంఘ పెద్ద కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రార్థనో, కోపమో తెలియదు. మేకు ఉన్నచోట గోడ సున్నం పెచ్చు రాలింది.

ధర్మవరానికి ఆమె తమ్ముడు నన్ను తీసుకుపోయాడు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు, రంగు వేసిన పట్టుపోగులు కర్రల మీద ఆరుతున్నాయి. అన్ని రంగుల మధ్య నాకు తల ఎత్తి నడవబుద్ధి కాలేదు. వాళ్ళ ఇంట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. గడప పక్కన ఆమె కూర్చుని ఉంది. ఆమెను నిజంగా చూడడం అదే మొదలు. నుదుట రూపాయంత కుంకుమ బొట్టు. అది లేదని నేను సంఘమంతటికీ చూపించాను.

అత్త బయటికి వచ్చింది. "ఎవురు?"

"పోటో తీసిన అయ్యవారు. హిందూపురం మిషను బడి" అన్నాడు తమ్ముడు.

"మిషనోల్లా" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. తమ్ముడు అరుగు మీద గోనెసంచి పరిచాడు. కూర్చున్నాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

ఫొటో మోకాళ్ళ మీద పెట్టుకుని, "అమ్మా, మీ కోడలు తెల్లచీర కట్టలేదు. ఈ యంత్రానికి పసుపు తెలియదు, కుంకుమ తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది" అన్నాను.

"యంత్రానికి తెలీకపోతే నీకు కండ్లు లేవా?"

లేవన్నాను.

"ఆ చీర రంగు ఏది తల్లీ?" అని కోడలిని అడిగాను. ఆమె లోపలికి పోవడానికి అత్త వైపు చూసింది. అత్త అడ్డు తొలగింది. ఆమె చీర తెచ్చి నా ముందు పరిచింది. పసుపు వెలిసి గడ్డిరంగు తిరిగింది, అంచు సన్నటి ఎరుపు. ఫొటోలో ఆ అంచు కూడా లేదు. నేను సీసా తెరిచి, నీళ్ళు కలిపి, కుంచెతో చీరకు పసుపు పూశాను. అంచు దిద్దాను. గాజులు ఎక్కడ ఉంటాయో ఆమె చెయ్యి చూసి, ఆకుపచ్చ గీతలు గీశాను. చుట్టుపక్కల వాళ్ళు మగ్గాలు ఆపి వచ్చి మూగారు.

"అదో, పసుపు వచ్చె!"

"అంచు దొడ్డు చేసినాడు, చీర వానికేం తెలుస్తాది."

నుదుటి దగ్గర కుంచె ఆగిపోయింది. మా ఇళ్ళలో బొట్టు అనే మాట కూడా మెల్లగా అంటారు. బాప్తిస్మం నాడు మా అవ్వ తన నుదురు తానే తుడుచుకున్న సంగతి నాయన ఎన్నోసార్లు చెప్పేవాడు. పైగా నేను పరాయి మగవాడిని. ఆమె నుదుటి మీద నా చెయ్యి, కాగితం మీదే అయినా, ఎలా పెట్టేది?

"ఆ ఒక్కటీ పెట్టవేమప్పా?" అంది అత్త. "తీసింది నువ్వే గదా."

"వీల్లు బొట్టు పెట్టుకోరు లే" అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు లోపలి నుంచి దగ్గు వినిపించింది. తమ్ముడు లోపలికి పోయాడు. అతని భుజం పట్టుకుని ఆ ఇంటాయన గడప దాకా వచ్చి కూర్చున్నాడు. మనిషి ఎముకల గూడు. చేతివేళ్ళ మీద మాత్రం పాత అద్దకం మరక ఇంకా పోలేదు. "ఇట్ల తే" అన్నాడు. కుంచె ఇచ్చాను. "రంగు నువ్వు కలుపు అయ్యవారూ. నాకు చెయ్యి వణుకుతాది."

నేను కలిపాను. మొదట పలచన అయింది. "ఇది వెలిసిన రంగు. ఇంకా పొయ్యి" అన్నాడు. ఎరుపు గురించి ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. మూడోసారికి ఒప్పుకుని, ఊపిరి బిగబట్టి, కుంచె ముంచి నుదుటి మీద ఆనించాడు. చెయ్యి వణికి రంగు ముక్కు దాకా కారింది.

జనం గొల్లున నవ్వారు. "ఏమబ్బా, పెండ్లాం మొగాన అమ్మవారిని దింపినావే!"

ఆ ఇల్లాలు కూడా నవ్వింది. "నీ చెయ్యి మగ్గం మీదే బాగుంటాది" అంది మొగుడితో. అత్త ఫొటోను కంటికి దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చూసింది. కారిన రంగును చీర చెంగుతో అద్దింది, అది ఇంకా పాకింది. "ఇప్పుడు మా కోడల్లాగుండాది" అని, కోడలి వైపు చూడకుండానే, "పొద్దెక్కింది. నీ మొగునికి కూడు పెట్టుపో" అంది.

కోడలు లేచి లోపలికి పోయింది. గడపలో ఆమె కూర్చున్న చోటు ఖాళీ అయింది.

ఇంకెవరూ ప్రతి తీయకుండా ఆ ఫొటో ఫిలింను కాగితపు కవరులో పెట్టి తమ్ముడి చేతికి ఇచ్చేశాను. ఎండ మాడుతోంది. లేచి నిలబడి, దాహంగా ఉందని ఎవరితోనో కాదు, ఊరికే అన్నట్టున్నాను. ఆమె చెంబుతో బయటికి వచ్చింది. నేను అరుగు దిగి, వంగి, దోసిలి పట్టాను.

ఆమె పోసింది. చెంబు నా తలకంటే పైన ఉంది. నీళ్ళు సన్నగా, పొడుగ్గా దిగి నా చేతుల్లో పడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు ఆ ఫొటోలో అందం ఏమిటో. రైల్లో ఎవరు ఎవరో తెలియదు గనక అందరికీ అంత ఎత్తునుంచి పోస్తారు. చెంబు తగలకూడదు, చేతులు తగలకూడదు. ఆ ఎత్తునే నేను వెండి తీగ అన్నాను. ఆ ఎత్తు కింద మా అమ్మ కుండ పట్టుకుని నిలబడ్డ రోజులున్నా, దాన్నే ప్రేమ అనుకుని, కింద రాత రాసి, చర్చి గోడకు కొట్టాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. కడుపునిండా తాగాను. తడిచేతులతో ముఖం తుడుచుకుని తల ఎత్తాను.

ఆమె రెండో చేతిలో ఒక గ్లాసు ఉంది. ఖాళీది, తళతళ తోమినది. దాన్ని నా కోసం తెచ్చిందో, లోపల మొగుడికి తీసుకుపోతూ వచ్చిందో నాకు తెలియదు. అడగలేదు. ఆమె గడప దాటి వచ్చినప్పుడే, నోరు తెరిచేలోగానే, నా చేతులు దోసిలి పట్టేశాయి.